వేలంవెర్రికి లెక్క కట్టడం: ఆన్‌లైన్ బేస్‌బాల్ లీగ్‌లో ఫ్రీ ఏజెంట్ల పాట

మొదటి రోజు

మా ఆన్‌లైన్ బేస్‌బాల్ లీగ్‌లో 24 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టుకు ఒక మనిషి మేనేజర్. మ్యాచ్‌లు ఆడేది కంప్యూటర్. జట్టును కూర్చుకోవడం, జీతాలు ఇవ్వడం, ఫలితాలు చూసి నెత్తి కొట్టుకోవడం మా వంతు. సీజన్ ముగిశాక కాంట్రాక్టు తీరిన ఆటగాళ్లు ఫ్రీ ఏజెంట్లు అవుతారు. వాళ్లు ఏ జట్టుకు పోవాలన్నది ఇన్నేళ్లూ ఒక స్ప్రెడ్‌షీట్‌లో తేలేది. ఎవరు పెద్ద అంకె రాస్తే ఆటగాడు వారికే. ఈసారి ఆ భాగాన్ని మొదటి నుంచి కొత్తగా రాస్తానని నేనే నోరు జారాను. కమిషనర్ మర్నాడే అందరికీ చెప్పేశారు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

నన్ను ఈ పనిలోకి దింపింది ఒక పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కథ. పోయిన సీజన్ చివర 36 ఏళ్ల పిచర్ ఒకడు పాటకు వచ్చాడు. ఒక జట్టు ఏడాదికి 1.5 కోట్ల డాలర్ల చొప్పున రెండేళ్లు ఇస్తానంది. మొత్తం 3 కోట్లు. ఇంకొక జట్టు ఏడాదికి 60 లక్షల చొప్పున ఏడేళ్లు రాసింది. మొత్తం 4.2 కోట్లు. స్ప్రెడ్‌షీట్‌కు మొత్తం తప్ప మరేదీ కనబడదు కాబట్టి ఏడేళ్ల ఆఫర్ నెగ్గింది. నాలుగు నెలలకు ఆ మేనేజర్ లీగ్ వదిలి వెళ్లిపోయారు. ఆ జట్టును తీసుకున్న కొత్త మనిషి రాసిన మొదటి ఉత్తరంలో ఒకటే ప్రశ్న: "ఈ తాతగారిని నేను ఎన్నాళ్లు పోషించాలి?"

అప్పుడు అందరం నవ్వాం. కానీ తప్పు ఆ మేనేజర్‌ది కాదు. నిబంధన ఏది అడిగిందో దానికే ఆయన సరైన జవాబు రాశారు.

3వ రోజు

కోడ్ మొదలుపెట్టక ముందే ఒక సభ్యుడి నుంచి సలహా వచ్చింది. ఆరేళ్లు ఆగడం దేనికి, ఏటా అందరినీ ఫ్రీ ఏజెంట్లను చేసేస్తే సరదాగా ఉంటుంది కదా అని. మా లీగ్‌లో అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ నిబంధనే ఉంది. ఆరేళ్ల సర్వీసు, అంటే మేజర్ లీగ్ జట్టులో గడిపిన కాలం, నిండితే గాని ఆటగాడికి స్వేచ్ఛ రాదు. ఒక సర్వీసు ఏడాది అంటే 172 రోజులు.

ఈ సలహా కొత్తదేమీ కాదు. 1975 డిసెంబరులో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆటగాళ్ల వైపు తీర్పు ఇచ్చాడు. అంతవరకు జట్టు ఒక ఆటగాడిని ఏళ్ల తరబడి తన దగ్గరే కట్టిపడేసుకోగలిగేది. తీర్పుతో ఆ కట్టు తెగింది. యజమానులు గగ్గోలు పెడుతుంటే, ఓక్లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ మాత్రం అందరినీ ఏటా ఫ్రీ ఏజెంట్లను చేసేయమన్నాడు. ఆటగాళ్ల సంఘాన్ని నడిపిన మార్విన్ మిల్లర్ భయపడింది సరిగ్గా ఆ మాటకే. సరుకంతా ఒకేసారి సంతలోకి వస్తే ధర పడిపోతుంది. ఏటా కొద్దిమందే వస్తే వారికోసం జట్లు ఎగబడతాయి. ఆరేళ్ల నిబంధనకు సంఘం ఒప్పుకోవడం వెనుక ఈ లెక్క ఉంది.

మా పాత డేటాతో ఒకసారి నడిపి చూశాను. అందరినీ వదిలితే స్టార్ ఆటగాళ్ల ధర నిజంగానే కిందికి దిగింది, నడిమి తరగతి ఆటగాళ్ల ధర కుప్పకూలింది. ఆరేళ్ల నిబంధన అలాగే ఉంచాను. సలహా ఇచ్చిన సభ్యుడు ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు.

5వ రోజు

ఈ రోజంతా ఒకే పని: ఆఫర్ చూసినప్పుడు ఆటగాడికి ఏం కనబడాలి?

మా ఆఫర్ ఫారంలో ఎన్నేళ్లు, ఏ ఏడాదికి ఎంత జీతం, సంతకం బోనస్ ఎంత, చివరి ఏడాది కొనసాగాలా వద్దా అని తేల్చే హక్కు (ఆప్షన్) జట్టుదా ఆటగాడిదా, అతని అనుమతి లేకుండా బదిలీ చేయకూడదన్న షరతు ఉందా లేదా అనే గడులు ఉన్నాయి. ఇవన్నీ కలిపి ఒక్క అంకె కావాలి. లేకపోతే రెండు ఆఫర్లను పోల్చలేం.

మొదట రేపటి డబ్బుకు విలువ తగ్గించాను. ఈ ఏడాది డాలరు పూర్తి డాలరు, వచ్చే ఏడాది డాలరు 90 సెంట్లు, ఆపై ఏడాది 81 సెంట్లు. 31 ఏళ్ల షార్ట్‌స్టాప్‌తో (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పరీక్షించాను. ఆఫర్ ఒకటి: ఏడాదికి 1.6 కోట్లు, మూడేళ్లు. ఆఫర్ రెండు: ఏడాదికి 1.1 కోట్లు, ఐదేళ్లు. విడిగా కూడితే 4.8 కోట్లు, 5.5 కోట్లు. తగ్గింపు తర్వాత 4.34, 4.50. తేడా బాగా కుంచించుకుపోయింది, కానీ ఐదేళ్ల ఆఫరే ఇంకా పైన ఉంది.

ఏదో తేడాగా అనిపించింది. కాఫీ తాగాక తట్టింది. మూడేళ్ల కాంట్రాక్టు తీసుకున్నవాడు నాలుగో ఏట ఇంట్లో కూర్చోడు కదా! 34 ఏళ్ల వయసులో మళ్లీ పాటకు వస్తాడు. అప్పటికి ఏడాదికి 50 లక్షలు పలుకుతాడనుకుంటే, ఆ రెండేళ్ల సంపాదన ఈనాటి విలువలో సుమారు 69 లక్షలు. అది కలిపితే మొదటి ఆఫర్ 5.03 కోట్లు. ఇప్పుడు గెలిచేది మూడేళ్లది.

ఈ ఒక్క మార్పుతో ఆటగాళ్లకు బుద్ధి వచ్చినట్టయింది. 26 ఏళ్ల కుర్రాడు పొట్టి కాంట్రాక్టు కోరుకుంటున్నాడు, ఎందుకంటే ముందు ముందు ఇంకా ఎక్కువ పలుకుతానని అతనికి తెలుసు. 35 ఏళ్ల వాడు ఎన్నేళ్లిస్తే అన్నేళ్లు పట్టుకుంటున్నాడు. ముసలివాళ్లకు భద్రత ముఖ్యం అని నేను విడిగా ఎక్కడా రాయలేదు. లెక్కలోంచి అదే వచ్చింది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు దొరికిన అతి పెద్ద ఆనందం ఇదే.

జట్టు బలానికి, ఆడే అవకాశానికి చిన్న గుణకాలు పెట్టాను. గెలిచే జట్టుకు గరిష్ఠంగా 5 శాతం కలిసి వస్తుంది. అంతకంటే పెంచితే ఛాంపియన్ జట్టుకు ఆటగాళ్లు చవకగా దొరికి, మరుసటి ఏడు మళ్లీ అదే ఛాంపియన్ అవుతోంది.

తాతగారి సమస్యకు ఈ సూత్రం మందు కాదని కూడా తేలింది. ఆటగాడి వైపు నుంచి ఏడేళ్లు తీసుకోవడం తప్పేమీ కాదు. కాబట్టి అక్కడ మొరటు నిబంధనలే పెట్టాను. కాంట్రాక్టు ముగిసే నాటికి వయసు 40 దాటకూడదు. ఏ ఏడాది జీతమూ అంతకుముందు ఏడాది కంటే పావు వంతుకు మించి పెరగకూడదు. ఆటగాడిని వదిలేసినా మిగిలిన జీతం జట్టు బడ్జెట్‌లోంచే పోతుంది. వెళ్లిపోయే మేనేజర్ వచ్చేవాడి నెత్తిన అప్పు పెట్టిపోవడం ఆన్‌లైన్ లీగ్‌లన్నింటికీ ఉన్న జబ్బే.

8వ రోజు

వాయిదా చెల్లింపుల గురించి అడిగారు. ఇద్దరు కాదు, ఏడుగురు. షోహెయ్ ఒటాని పుణ్యం. 2023 డిసెంబరులో డాడ్జర్స్‌తో అతను కుదుర్చుకున్నది పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా, వడ్డీ లేకుండా. అందుకే లగ్జరీ టాక్స్ (జీతాల మొత్తం హద్దు దాటిన జట్లపై పడే పన్ను) లెక్కలో అతని ఖర్చు ఏడాదికి 7 కోట్లు కాకుండా సుమారు 4.6 కోట్లుగా పడుతుంది.

దీనికి ఎదురు కథ బాబీ బోనియాది. 2000లో న్యూయార్క్ మెట్స్ అతనికి 59 లక్షల డాలర్లు బాకీ ఉంది. అప్పటికప్పుడు ఇవ్వకుండా 8 శాతం వడ్డీతో వాయిదా వేసింది. 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న అతనికి సుమారు 11.9 లక్షలు వస్తాయి. అందరూ దీన్ని చెప్పుకుని నవ్వుతారు గాని, వడ్డీ లెక్క వేస్తే వింత ఏమీ లేదు. వింతల్లా ఆ వడ్డీ రేటే.

మా సూత్రానికి ఇది కొత్త పని కాదు. పదేళ్ల తర్వాత ఇచ్చే 2 కోట్లు ఆటగాడి కంటికి ఈరోజు 70 లక్షలు. చిక్కు జట్టు వైపు. బడ్జెట్‌లో 2 కోట్లు రాయాలా, 70 లక్షలు రాయాలా? పదేళ్ల తర్వాత మా లీగ్ ఉంటుందో లేదో! వాయిదాలు రద్దు చేశాను. ఏడుగురికీ ఒకే జవాబు పంపాను.

11వ రోజు

ఇక పాట ఎలా పాడాలి. ముందు బహిరంగ వేలం రాశాను. ఎవరి ఆఫర్ ఎంతో అందరికీ కనబడుతుంది, రాత్రి 11కు గంట కొడుతుంది. నలుగురు సభ్యులతో ఒక నమూనా పాట నడిపాం. 10 గంటల 58 నిమిషాల వరకు ఒక్కరూ కదల్లేదు. చివరి రెండు నిమిషాల్లో 31 ఆఫర్లు వచ్చాయి. గడియారం ముల్లుతో ముగిసే వేలాల్లో ఇది మామూలే. ఈబేలో ఏళ్లుగా జరుగుతున్నదే. ఎవరి ఇంటర్నెట్ చురుకుగా ఉంటే వారికి ఆటగాడు. పైగా మా సభ్యులు నాలుగు ఖండాల్లో ఉన్నారు. రాత్రి 11 అంటే ఎవరి రాత్రి?

చివరి ఆఫర్ వచ్చిన ప్రతిసారీ గడువు 24 గంటలు జరిగేలా మార్చాను. పరుగు ఆగింది. కానీ ఒక సాదాసీదా రిలీఫ్ పిచర్ పాట ఆరు రోజులు సాగింది, ఒక్కోసారి 50,000 డాలర్లు పెంచుకుంటూ. మిగతా జట్లు అతని కోసం డబ్బు పట్టుకుని కూర్చున్నాయి.

ఈబేలో లాగా గరిష్ఠ అంకె ముందే చెప్పేసి, కంప్యూటరే మన తరఫున పాడేలా చేద్దామంటే ఇంకో చిక్కు. వస్తువు వేలంలో పెంచడానికి ఉన్నది ఒక్క ధర. ఇక్కడ ఏళ్లను పెంచాలా, జీతాన్నా, బోనస్‌నా? పక్కన పెట్టాను.

12వ రోజు

సీల్డు టెండరు పద్ధతి. అందరూ ఒక్కసారి రాసి కవరు మూసేయాలి. రాయడానికి అరగంట పట్టలేదు. దాని దోషం కనిపెట్టడానికే రాత్రంతా పట్టింది.

24 మంది మర మేనేజర్లను తయారుచేశాను. ఆటగాడి అసలు విలువ 2 కోట్లు. ఒక్కో మేనేజర్ దాన్ని కాస్త తప్పుగా అంచనా వేస్తాడు, ప్రామాణిక విచలనం (అంచనాలు అసలు విలువ నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతాయన్న కొలత) 15 శాతం. సగటున అందరి అంచనా సరైనదే. అయినా గెలిచేవాడు ఎవరు? అందరికంటే ఎక్కువగా పొరబడినవాడు. వేలసార్లు నడిపితే గెలిచిన ఆఫర్ సగటు సుమారు 2.58 కోట్లు, అంటే 29 శాతం అదనం. ఐదుగురే పాడితే అదనం 17 శాతానికి దిగింది. పోటీదారులు పెరిగేకొద్దీ గెలుపు చేదెక్కుతుంది. చమురు క్షేత్రాల వేలంలో ఇదే జరుగుతోందని ఒక చమురు కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు 1971లోనే రాశారు.

బేస్‌బాల్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2006లో జపాన్ నుంచి డైసుకే మత్సుజాకా అనే పిచర్ వచ్చినప్పుడు, అతనితో మాట్లాడే హక్కు కోసమే జట్లు మూసిన కవర్లలో పాడాలి. బోస్టన్ రెడ్ సాక్స్ 5.11 కోట్ల డాలర్లు పాడింది. అది అతని పాత జట్టుకు పోయే డబ్బు. ఆటగాడికి ఇచ్చిన ఆరేళ్ల కాంట్రాక్టు 5.2 కోట్లు, అది వేరే. 2013లో ఆ కవర్ల పద్ధతికే స్వస్తి చెప్పారు.

గెలిచినవాడు రెండో పెద్ద పాట అంత చెల్లిస్తే చాలు అనే విక్రీ పద్ధతిని కూడా ప్రయత్నించాను. విలియం విక్రీ దాన్ని 1961లో రాశాడు, 1996లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మా మర మేనేజర్లకు అది పెద్దగా కలిసి రాలేదు. రెండో పెద్ద పాట కూడా సుమారు 2.45 కోట్లు ఉంది. రెండోవాడు కూడా బాగానే పొరబడ్డాడు మరి! పైగా ఏళ్లు, ఆప్షన్లు కలిసిన ఆఫర్‌లో రెండో ధర అంటే ఏమిటో ఆటగాళ్ల తరఫున వివరించలేక నా గొంతు ఎండిపోయింది.

చివరికి మధ్యే మార్గం. మూడు విడతలు, మూడూ మూసిన కవర్లే. ప్రతి విడత తర్వాత ఏజెంట్ పేరుతో ఒక్క వాక్యం వెళ్తుంది: మీ ఆఫర్ మొదటి మూడింటిలో ఉంది, లేదా లేదు. ఎంత తేడాతో అన్నది చెప్పదు. మిగతావాళ్లు తక్కువగా చూస్తున్నారని తెలిస్తే మనిషి తన అంచనాను ఒకసారి తడిమి చూసుకుంటాడు. అతిగా పాడినవాడు తర్వాతి విడతలో పెంచకుండా ఆగుతాడు. ఆటగాడు అడిగిన ధర కంటే పావు వంతుకు మించి ఎక్కువ మొదటి విడతలోనే ఇస్తే, అతను అక్కడే సంతకం చేసేయవచ్చు. డబ్బున్న జట్లు ఈ తలుపు గుండా వెళ్తాయి. వెళ్లనివ్వండి.

17వ రోజు

ఈరోజు డైరీ రాయాలంటేనే విసుగ్గా ఉంది, కానీ ఇదే రాయాల్సిన రోజు.

నమూనా లీగ్‌లో ఒక జట్టుకు 2.4 కోట్ల బడ్జెట్. మూడు ఆఫర్లు ఇచ్చింది: పిచర్‌కు 1.4 కోట్లు, షార్ట్‌స్టాప్‌కు 1.6 కోట్లు, అదనపు క్యాచర్‌కు 80 లక్షలు. విడివిడిగా ప్రతిదీ బడ్జెట్‌లోపే ఉంది కాబట్టి నా ప్రోగ్రామ్ మూడింటినీ ఒప్పుకుంది. అర్ధరాత్రి లెక్కింపు నడిచింది. పొద్దున్నే లాగ్ (ప్రోగ్రామ్ చేసిన పనుల చిట్టా) తెరిస్తే: ఆటగాడు 118, క్యాచర్, సంతకం, మిగిలినది 1.6 కోట్లు. ఆటగాడు 342, షార్ట్‌స్టాప్, సంతకం, మిగిలినది సున్నా. ఆటగాడు 977, పిచర్, ఒప్పుకున్నాడు, డబ్బు లేదు. ఆ మేనేజర్‌కు కావలసింది పిచర్ ఒక్కడే. మిగతా ఇద్దరూ దక్కకపోయినా పరవాలేదనుకుని వేసిన ఆఫర్లు. ఆటగాళ్లను సంఖ్య వరుసలో చూడటం వల్ల, అదృష్టమంతా ఎవరు డేటాబేస్‌లో ముందు చేరారన్నదానిమీద ఆధారపడింది.

సరే, మేనేజర్లు తమ ఆఫర్లకు ప్రాధాన్య క్రమం రాసేలా చేశాను. ముందున్న ఆటగాడు ఒప్పుకుంటే, డబ్బు చాలకపోతే వెనుకవాడి ఆఫర్ దానంతటదే రద్దు. గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో పెళ్లి జంటలు, కళాశాల సీట్ల గురించి రాసిన పద్ధతికి ఇది చుట్టమే అనుకుని మురిసిపోయాను. ఎవరైనా మంచి ఆఫర్‌ను తాత్కాలికంగా పట్టుకుని ఉంటారు, ఇంకా మంచిది వస్తే పాతది వదులుతారు, చివరికి అంతా స్థిరపడుతుంది.

స్థిరపడలేదు. రాత్రి పెట్టిన లెక్కింపు తెల్లారినా తిరుగుతూనే ఉంది. లాగ్ ఫైలు తెరవడానికే రెండు నిమిషాలు పట్టింది. అందులో ముగ్గురు ఆటగాళ్లు గానుగెద్దుల్లా తిరుగుతున్నారు. షార్ట్‌స్టాప్ మొదటి జట్టుకు ఒప్పుకుంటాడు, అందుకని ఆ జట్టు క్యాచర్‌ను వదులుతుంది. క్యాచర్ రెండో జట్టుకు వెళ్తాడు, అందుకని ఆ జట్టు రెండో బేస్ ఆటగాడిని వదులుతుంది. అతను మొదటి జట్టుకు వస్తాడు, వాళ్ల జాబితాలో అతనే పైన ఉన్నాడు కాబట్టి షార్ట్‌స్టాప్‌ను వదులుతారు. డబ్బు మిగిలింది, క్యాచర్‌ను మళ్లీ పిలుస్తారు. మళ్లీ మొదటికి.

చదివి తెలుసుకున్నది ఏమిటంటే, బడ్జెట్ హద్దులు ఉన్నచోట స్థిరమైన జతలు అసలు ఉండకపోవచ్చు. అంటే నా కోడ్‌లో దోషం లేదు. దొరకని దాన్ని వెతకమని కంప్యూటర్‌కు చెప్పాను, అది పాపం వెతికింది.

అందుకని తెలివితేటలు మానేశాను. ఒక విడతలో బతికున్న ఆఫర్ల మొత్తం బడ్జెట్ దాటకూడదు. ఇచ్చిన ఆఫర్ ఆ రాత్రి వెనక్కి రాదు. "ఇతను దక్కకపోతే అతను" అనే షరతు ఆఫర్ ఉంటుంది గాని, అది మరుసటి విడతలోనే లేస్తుంది. ఓడిన ఆఫర్‌లో డబ్బు ఒక రాత్రి ఇరుక్కుంటుంది, నిజమే. ఇరుక్కోనివ్వండి. లెక్కింపు ఇప్పుడు మూడు సెకన్లలో ముగుస్తోంది.

21వ రోజు

ఎవరూ పాడని ఆటగాళ్లు. వాళ్ల అడిగే ధర విడత విడతకు 8 శాతం తగ్గేలా పెట్టాను. ఎనిమిది విడతల్లో దాదాపు సగానికి వస్తుంది. సభ్యులు రెండు రోజుల్లోనే కిటుకు పట్టేశారు: ఎవరూ కదలకుండా ఉంటే అందరికీ చవక. నమూనా లీగ్ మొత్తం ఊపిరి బిగబట్టింది. ఎలాంటి ఆఫర్ ఉన్నా సరే, ఆ విడతలో ధర తగ్గదని మార్చాను. తగ్గింపు కూడా ఖచ్చితంగా 8 కాకుండా 4 నుంచి 12 శాతం మధ్య ఎక్కడో. ఎప్పుడు తగ్గుతుందో తెలియనప్పుడు, వేచి చూడటానికీ ధైర్యం కావాలి.

కనీస జీతం కింద మేజర్ లీగ్‌లో 2025 నాటి 7.6 లక్షల డాలర్లే ఉంచాను. అక్కడికి చేరాక ధర ఆగిపోతుంది.

34వ రోజు

అసలు లీగ్‌లో పాట మొదలై పది రోజులు. గొడవలు రెండే. ఒకటి, గడువును ప్రపంచ ప్రామాణిక కాలంలో రాసినా ఒక సభ్యుడి దేశంలో నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆఫర్ గంట ఆలస్యంగా పంపి, నా మీద మండిపడ్డారు. ఇప్పుడు పేజీ పైన మిగిలిన గంటలు, నిమిషాలు మాత్రమే కనబడతాయి. రెండోది, ఇద్దరి ఆఫర్లు ఆటగాడి లెక్కలో అణాపైసలతో సహా సమానమయ్యాయి. చీటీ తీశాం. చీటీ తీసిన యాదృచ్ఛిక సంఖ్య ఏ విత్తనం (కంప్యూటర్‌కు ఇచ్చే మొదటి అంకె) నుంచి వచ్చిందో కూడా ప్రకటిస్తున్నాను, ఓడినవారు మళ్లీ నడిపి చూసుకోవచ్చు. ఓడినవారు నిజంగానే నడిపి చూశారు.

తాతగారి జట్టు మేనేజర్ ఈసారి ఒక్క పెద్ద ఆటగాడిని కూడా పాడలేదు. ఆయన బడ్జెట్‌లో తాతగారి జీతం ఇంకా పోతోంది.

53వ రోజు

90 లక్షలు అడుగుతూ వచ్చిన 34 ఏళ్ల ఎడమచేతి పిచర్ ఒకడు ఇరవై ఎనిమిది విడతలుగా జాబితాలో పడి ఉన్నాడు. నిన్న రాత్రి అతని ధర కనీస జీతానికి చేరింది. లాగ్‌లో ఈ ఉదయం ఒకే ఒక్క ఆఫర్, ఒక ఏడాది, 7.6 లక్షలు, సంతకం. పంపింది ఎవరా అని చూస్తే తాతగారి జట్టు. కారణం గడిలో ఆయన రాసుకున్నది: "మా పెద్దాయనకు తోడుగా."

క్వాలిఫయింగ్ ఆఫర్ (ఫ్రీ ఏజెంట్ కాబోయే ఆటగాడికి పాత జట్టు ఇచ్చే ఒక ఏడాది ఆఫర్), అతను వెళ్లిపోతే నష్టపరిహారంగా వచ్చే డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్ల ఎంపిక) అవకాశాలు ఇంకా ముట్టుకోలేదు. సోమవారం నుంచి అవి.